ప్రెసిడెంటు కూర్చున్నాడు

ఆ రోజు ప్రెసిడెంటుగారి ఆలోచన చాలా చిన్నది. పెందలాడే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఎక్కడా ఏ పనీ ఆగకుండా చూసుకోవాలి. పొద్దుగూకేలోగా తాళాల పెట్టెలన్నీ లారీ ఎక్కించి గేటు దాటించాలి. పని ఆపించడంలో పేరు మోసిన మనిషికి, పని ఆగకూడదని ఇంత బెంగ పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇవాళ మీటింగులూ ఉపన్యాసాలూ పెట్టుకోకండి," అంది భార్య, క్యారియర్ మూత బిగిస్తూ.

"ఇవాళ నోరు తెరిస్తే ఒట్టు."

"మా తమ్ముడితో గొడవపడకండి."

"గొడవా? ఇవాళ నేనూ మీ తమ్ముడూ ఒకే పక్షం!"

ఆవిడ చెయ్యి మూత మీదే ఆగిపోయింది. తమ్ముడు మేనేజరైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అలాంటి మాట వినబడలేదు. "ఒంట్లో బాగానే ఉందా మీకు?" అని నుదురు ముట్టుకుని చూసింది.

సంగతేమిటంటే, తాళాల ఫ్యాక్టరీలో కార్మిక సంఘానికి ఈయన ప్రెసిడెంటు. అదే ఫ్యాక్టరీకి ఈయన బావమరిది మేనేజరు. గేటు లోపల "సార్", "ప్రెసిడెంటుగారూ" అనుకుంటారు. గేటు బయటికొస్తే "ఒరేయ్", "బావా". ఫ్యాక్టరీ గొడవ ఇంట్లోకి తెచ్చినా, ఇంటి గొడవ ఫ్యాక్టరీలోకి తీసుకెళ్ళినా ఇద్దరికీ భోజనం పెట్టనని ఆవిడ ఏనాడో తేల్చి చెప్పేసింది. పైకి సంఘం పేరెత్తితే మొహం గంటు పెట్టుకునే మేనేజరు, లోలోపల మాత్రం అది ఉన్నందుకు సంతోషించేవాడు. ఏదైనా కావాలంటే అంతమంది దగ్గరికీ వెళ్ళి ఒక్కొక్కరి గడ్డం పట్టుకోనక్కర్లేదు, ఒక్క బావ గడ్డం పట్టుకుంటే చాలు. ఆ గడ్డం కాస్త గరుకుదే. అయినా ఒక్కటే కదా.

ఇద్దరూ ఒకే పక్షం కావడానికి కారణం ప్యాకింగ్ షెడ్డులో ఉంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళంతా ఏళ్ళ తరబడి టెంపరరీ. ఇవాళ రమ్మంటే ఉద్యోగం ఉన్నట్టు, రేపు వద్దంటే లేనట్టు. వాళ్ళని పర్మనెంట్ చేయించాలని ప్రెసిడెంటు ఎక్కని మెట్టు లేదు, దిగని మెట్టు లేదు. చివరికి యజమాని ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నాడు. ఈ పెద్ద ఆర్డరు సరుకు చెప్పిన రోజున పొద్దుగూకేలోగా గేటు దాటితే వాళ్ళంతా పర్మనెంట్. దాటకపోతే ఆర్డరూ పోతుంది, వాళ్ళ ఉద్యోగాలూ పోతాయి. ఆ చెప్పిన రోజు ఇదే.

ఇక పీట సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీ గేటు పక్కన గోడకి ఆనించి ఒక ముక్కాలి పీట ఉంటుంది. దాని మీద ఎవరూ కూర్చోరు. కాళ్ళు లాగేస్తున్నా సరే, వాచ్‌మన్ దాని పక్కన నిలబడే ఉంటాడు.

పాత రోజుల్లో అక్కడ వారం పొడుగునా పనే, సెలవన్న మాటే లేదు. అప్పటి మొదటి ప్రెసిడెంటు ఒకనాడు, ఆకురాయితో తాళంచెవులు రాకుతూ తాను కూర్చునే పీటని తెచ్చి గేటు దగ్గర వేసుకుని కూర్చున్నాడు. జనం పని ఆపేశారు. యాజమాన్యం ఆయన్ని ఏమని బెదిరించిందో ఏమో, నోటి దగ్గర మైకు పెట్టి "అందరూ పనిలోకి వెళ్ళండి" అనిపించింది. అన్నాడు. కానీ పీట మీంచి లేవలేదు. నోరు వెళ్ళమంటోంది, మనిషి మాత్రం లేవడం లేదు. ఆ తేడా మన కార్మికులు పట్టేశారు. ఒక్కడు కదిలితే ఒట్టు! వారానికో రోజు సెలవు అలా వచ్చింది. ఈ రోజున ఆదివారం పూట కాళ్ళు బారజాపుకుని పడుకునే ప్రతివాడూ ఆ పీటకి ఒక దణ్ణం బాకీ.

అప్పట్నుంచీ సంఘానికి ఒకటే కట్టుబాటు. ప్రెసిడెంటు పీట మీద కూర్చుంటే పని ఆగాలి. లేస్తే మొదలవ్వాలి. మధ్యలో నోటితో ఏం చెప్పినా చెల్లదు. నోటిని కొనొచ్చు, భయపెట్టొచ్చు. కూర్చున్నవాడు మాత్రం కూర్చున్నవాడే. ఎందుకు కూర్చున్నావని ఆ క్షణాన ఎవరూ అడగరు. ముందు ఆపడం, తర్వాత అడగడం. గొప్ప కట్టుబాటు, కాదనను. పెట్టినవాళ్ళంతా కుర్రవాళ్ళు కాబట్టి నడుం నొప్పుల సంగతి వాళ్ళకి తట్టలేదు.

ప్రెసిడెంటు గేటులో అడుగుపెట్టేసరికి లారీ వచ్చి ఉంది. పక్కనే, ఎవరో దించి మరిచిపోయినట్టున్నారు, ఒక తాళాల పెట్టె నేల మీద ఉంది. మామూలు రోజయితే "ఇది నా సెక్షను పని కాదు" అని దాటుకుని పోయేవాడు. సంఘంలో ఆ పట్టింపు ఎక్కువే. ఆ రోజు హుషారు పట్టలేక, వంగి, రెండు చేతులా పెట్టె ఎత్తాడు. లోపల నిండా ఇనుమూ ఇత్తడీ. నడుంలో ఏదో కలుక్కుమంది. పెట్టె చేజారింది. కళ్ళు బైర్లు కమ్మాయి. వెనక్కి వెనక్కి తూలి, గోడ పట్టుకుని, కాలికి తగిలిన దాని మీద కూలబడ్డాడు.

తగిలింది ఆ పీటే.

టీ తాగి తిరిగొస్తున్న వాచ్‌మన్ చూశాడు. ఆయనకి కనబడింది పెట్టె కాదు, నడుం కాదు. పీట మీద ప్రెసిడెంటు, అంతే. చేతిలో గ్లాసు అక్కడే పారేసి పరుగెత్తుకెళ్ళి సైరన్ మోగించాడు.

"ఆపరా! సైరన్ ఆపు!" అని అరవబోయాడు ప్రెసిడెంటు. అరిస్తే నడుం లాగింది. లేవబోయాడు. నడుం ససేమిరా అంది. లోపల పోత ఆగింది, కోత ఆగింది, రాకుడు ఆగింది. అంతవరకూ చెవులు హోరెత్తించిన ఫ్యాక్టరీ కిక్కురుమనకుండా అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో మొట్టమొదట బయటికొచ్చినవాళ్ళు ఎవరో తెలుసా? ప్యాకింగ్ ఆడవాళ్ళు. చేతుల్లోని తాళ్ళు అక్కడే వదిలేసి, కొంగులు దోపుకుని, వరుసగా వచ్చి పీట ముందు నిలబడ్డారు. అందరికంటే ముందు, ప్యాకింగ్ అక్క అని అందరూ పిలిచే పెద్దావిడ.

"అమ్మా, మీరెందుకొచ్చారు? వెళ్ళండి, వెళ్ళి పెట్టెలు కట్టండి!" అన్నాడు ప్రెసిడెంటు కంగారుగా. "ఇవాళ సరుకు వెళ్ళకపోతే పోయేది మీ ఉద్యోగాలే!"

"తెలుసన్నా," అంది అక్క. "నువ్వు కూర్చున్నాక మేం పెట్టెలు కడుతూ కూర్చుంటే, రేపు అద్దంలో మా మొహం మేం చూసుకోగలమా?"

గర్వంతో ఆయన గుండె నిండిపోయింది. ఇలాంటి మనుషులున్న సంఘానికి ప్రెసిడెంటునయ్యానని ఒళ్ళు పొంగింది. ఆ వెంటనే, అయ్యో, ఇలాంటి మనుషుల ఉద్యోగాలు నా నడుం మింగేస్తోందే అని ఏడుపు ముంచుకొచ్చింది.

"వెళ్ళండమ్మా, నిజంగానే చెబుతున్నాను!"

వెనక జనంలో గుసగుసలు బయల్దేరాయి. "చూశావా, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ వెళ్ళమంటున్నాడు. ఎంత ఒత్తిడి తెచ్చారో పాపం!" అందరూ ఇంకాస్త గట్టిగా నిలబడ్డారు.

అప్పుడొచ్చాడు సంఘం సెక్రటరీ. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. లేచింది మొదలు ప్రతిదానికీ ఏదో ఒక నిబంధన అడ్డం పెట్టి "పాయింటాఫార్డర్!" అంటుంటాడు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ప్రెసిడెంటు ఆయన్ని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పాడు.

"నడుం పట్టేసిందయ్యా."

"ఎవరిది?"

"నాదే! సమ్మె లేదు, పాడూ లేదు. నన్ను లేపు."

పాయింటాఫార్డర్ మొహం తెల్లబోయింది. "నేను లేపడమా? సంఘం ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. కూర్చున్న ప్రెసిడెంటుని సెక్రటరీ లాగి పడేశాడంటారు. సభ్యులెవరు చెయ్యి వేసినా ఒత్తిడి కిందే లెక్క."

"అయితే నిజం చెప్పేస్తాను."

"కొంప ముంచకండి! నడుం నొప్పికి సమ్మె చేశారని తెలిస్తే, రేపట్నుంచి ఆ పీటని చూసి పిల్లి కూడా భయపడదు. పెద్దలు సంపాదించి పెట్టిన పరువండీ అది. ఉలక్కండి, పలక్కండి. ముందు ఏదో ఒక డిమాండ్ వెతుకుదాం."

ఆ మాట ప్రెసిడెంటుకి తగిలింది. పీట పరువు తన చేతుల్లో పోతుందా? చెప్తే పీట పరువు పోతుంది, చెప్పకపోతే ఆడవాళ్ళ బతుకులు పోతాయి. మింగలేక కక్కలేక, పళ్ళ బిగువున ఊరుకున్నాడు. డిమాండ్ వెతికే పని మాత్రం జోరుగా సాగింది. పాలిష్ షెడ్డు వాళ్ళు ఇది గాలి కోసమన్నారు. రాకుడు వాళ్ళు కాదు, సబ్బు కోసమన్నారు. పోత వాళ్ళు మా చేతితొడుగుల కోసమేనని ప్రమాణం చేశారు. ఒకరి మాట ఒకరు వినలేదు. సంఘం కమిటీ అక్కడే నేల మీద అత్యవసరంగా సమావేశమై, తాము ఎందుకు సమ్మె చేస్తున్నారో కనుక్కోవడానికి ఒక ఉపసంఘాన్ని వేసింది.

అంతలో మేనేజరు పరుగున వచ్చాడు. మనిషి చెమటతో తడిసిపోయాడు.

"ప్రెసిడెంటుగారూ! ఏమిటిది? ఇవాళ్టి రోజున ఏమిటిది?"

ప్రెసిడెంటు నోరు తెరిచేలోపే నడుంలో పోటు పొడిచింది. "అబ్బా!" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మేనేజరు మొహం మాడిపోయింది. "పాలిష్ షెడ్డు ఫ్యాన్లు ఆఫీసులోకి మార్పిస్తానన్న సంగతి మీకెవరు చెప్పారు? సరే, మార్చను."

"అయ్యో!"

"చేతులు కడుక్కునే వేళ తగ్గిద్దామనుకున్నమాట నిజమే. అదీ మానేస్తాను."

"అమ్మో!"

"టీలో పాలు తగ్గించమన్నదీ నేనేనయ్యా! రేపట్నుంచి చిక్కటి టీ. ఇంకేం కావాలి బావా?"

కంగారులో గేటు లోపలే "బావా" వచ్చేసింది. జనం ఈలలు వేశారు. నోట మాట లేకుండా మూడు డిమాండ్లు గెలిచిన నాయకుడు మరెక్కడైనా ఉన్నాడా అని పాయింటాఫార్డర్ కూడా ఒక క్షణం మురిసిపోయాడు. ప్రెసిడెంటుకి మాత్రం ఒళ్ళు మండింది. "ఒరేయ్, ఇన్ని పన్లు చేస్తున్నావా నువ్వు!" అన్నాడు గేటు లోపలే.

"అవన్నీ సరిచేస్తానన్నాను కదా. ఇక లేవండి."

"ఇప్పుడు లేవలేను సార్."

"అంటే ఇంకా పెద్దదేదో ఉందన్నమాట," అని మేనేజరు తల పట్టుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా లారీ డ్రైవరు వచ్చాడు. "మా డ్రైవర్ల సంఘం మీ సంఘానికి తమ్ముడు లాంటిది. అన్న కూర్చుంటే తమ్ముడు బండి నడుపుతాడా?" అని తాళంచెవి జేబులో వేసుకుని, లారీ కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. "నడుపు నాయనా, నీకు పుణ్యముంటుంది," అని ప్రెసిడెంటు బతిమాలితే, "నోటి మాట చెల్లదని మాకూ తెలుసన్నా," అని కన్ను కొట్టాడు.

ఇక మిగిలింది ఫ్యాక్టరీ నర్సమ్మ. ఎంత పట్టేసిన నడుమైనా నాలుగు చోట్ల నొక్కి సరిచేస్తుందని ఆవిడకి పేరు. ఆవిడ జనాన్ని తోసుకుని వస్తుంటే ప్రెసిడెంటుకి ప్రాణం లేచొచ్చింది. "అమ్మా, రా తల్లీ. నడుం పట్టేసింది, కాస్త చూడు," అన్నాడు లోగొంతుకతో.

నర్సమ్మ నవ్వింది. "నన్ను పరీక్షిస్తున్నారు కదూ?"

"పరీక్షా?"

"మీరు కూర్చున్నాక నేను పని చేస్తానో లేదో చూద్దామని. మా నర్సుల సంఘం కూడా మీ వెంటే ఉందండీ. మీరు లేచేదాకా ఎవరికీ బిళ్ళ ఇవ్వను, కట్టు కట్టను, ఒంటి మీద చెయ్యి వెయ్యను."

"నా ఒంటి మీద కూడానా?"

"మీ ఒంటి మీద అసలే వెయ్యను!" అని పిడికిలి బిగించి, వెళ్ళి ప్యాకింగ్ వాళ్ళ పక్కన నిలబడింది.

చూడండి మరి. ఆయన లేస్తే గానీ సమ్మె ఆగదు. సమ్మె ఆగితే గానీ వైద్యం లేదు. వైద్యం లేనిదే ఆయన లేవలేడు. ఇంతమంది ఆయన కోసం నిలబడ్డారు, అందుకే ఆయన నిలబడలేకపోయాడు.

మధ్యాహ్నం దాటింది. యజమాని దగ్గర్నుంచి మేనేజరుకి ఫోనొచ్చింది. చెవికి దూరంగా పెట్టుకుంటే, గేటు దాకా వినబడింది. "అందర్నీ బయటికి నెట్టి గేటుకి తాళం వెయ్! వెయ్యకపోతే రేపట్నుంచి నువ్వు కూడా బయటే!"

మేనేజరు గేటు దగ్గరికి వెళ్ళి చూశాడు. ఎన్నో ఇళ్ళ తలుపులకి తాళాలు చేసిచ్చే ఆ ఫ్యాక్టరీ గేటుకి తాళం లేదు. రాత్రీ పగలూ, ఆదివారాలు కూడా అక్కడ ఎవరో ఒకరు కాపలా ఉంటారు కాబట్టి ఇంతవరకూ ఆ అవసరమే రాలేదు. తయారైన తాళాలన్నీ ఆర్డరు పెట్టెల్లో ఉన్నాయి.

"ఎవరైనా ఒక తాళం తీసివ్వండయ్యా," అన్నాడు.

"సమ్మెలో ఉన్నాం కదా సార్," అన్నారు అందరూ, ఎంతో మర్యాదగా.

"అయితే నేనే తెచ్చుకుంటాను!" అని కోటు విప్పి వాచ్‌మన్ చేతికిచ్చి ప్యాకింగ్ షెడ్డులోకి వెళ్ళాడు. పై పెట్టె పక్కకి దించితే గానీ కింద విప్పి ఉన్న పెట్టె అందదు. జీవితంలో ఫైలు కంటే బరువైనది ఎత్తని మనిషి, వంగి, రెండు చేతులా పట్టుకుని, ఒక్క ఊపున లేపాడు.

షెడ్డులోంచి వచ్చిన కేకకి లారీ కింద డ్రైవరు కూడా లేచి కూర్చున్నాడు.

ప్యాకింగ్ ఆడవాళ్ళు పరుగెత్తుకెళ్ళి ఆయన్ని మోసుకొచ్చారు. సగం వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. పడుకోబెడితే అరిచాడు, నిలబెడితే అరిచాడు. చివరికి ప్రెసిడెంటు పీట పక్కన ఒక పెట్టె వేసి దాని మీద కూర్చోబెట్టారు.

"మేనేజరు కూడా కూర్చున్నాడు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "ఎదురు సమ్మె!"

"పాయింటాఫార్డర్! మేనేజరు కూర్చుంటే ఏం ఆగాలో మన కట్టుబాట్లలో లేదు."

"బావా," అన్నాడు మేనేజరు ఏడుపు గొంతుతో. "నడుం బావా!"

ప్రెసిడెంటు బావమరిది వంక చూశాడు. లారీ వంక చూశాడు. లారీ నీడ అప్పుడే సాగడం మొదలుపెట్టింది. ఆ నీడలో ప్యాకింగ్ ఆడవాళ్ళు, పోయే ఉద్యోగం తమది కానట్టు, నిబ్బరంగా నిలబడి ఉన్నారు. వాళ్ళ బతుకుల ముందు తన పరువెంత, పీట పరువెంత? ఆయన గోడని గట్టిగా పట్టుకుని గొంతెత్తాడు.

"అందరూ వినండి! నాదీ అదే నొప్పి. ఇది సమ్మె కాదు. పొద్దున ఒక పెట్టె ఎత్తాను, నడుం పట్టేసింది, కాలికి తగిలిన దాని మీద కూలబడ్డాను. చెబితే పీట పరువు పోతుందని ఇంతసేపూ నోరు మూసుకున్నాను. తప్పు నాదే. నవ్వండి, తిట్టండి, రేపు నన్ను దించేయండి. ఇవాళ మాత్రం ఆ లారీ నింపండి!"

ఎవరూ నవ్వలేదు. పాయింటాఫార్డర్ కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ప్యాకింగ్ అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది.

"ఒక్క పెట్టెకేనా అన్నా? ఇద్దరూనా?"

ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. "మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేల మీద వంగి అవే పెట్టెలు కడతాం, అవే ఎత్తుతాం," అంది అక్క. "ఇంటికెళ్ళి పడుకుంటే పక్కకి తిరగాలన్నా ఇంకొకళ్ళు పట్టుకోవాలి. అడుగు కావాలంటే, మాలో నడుం నొప్పి లేనిది ఎవరో."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?"

"ఎవరికి చెప్పమంటావు? సంఘం మీటింగులో మాట్లాడాలంటే సభ్యురాలై ఉండాలి. సభ్యురాలు కావాలంటే పర్మనెంట్ కావాలి. పర్మనెంట్ కావాలంటే నడుం నొప్పి అనకూడదు."

ప్రెసిడెంటుకి తల కొట్టేసినట్టయింది. వీళ్ళ కోసం ఎన్ని మెట్లు ఎక్కాడు, ఎన్ని ఉపన్యాసాలు దంచాడు! ఒక్కసారి ఆ షెడ్డులోకి వెళ్ళి "ఎలా ఉన్నారమ్మా" అని అడిగిన పాపాన పోలేదు. కమిటీలో ఉన్న మగవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉపసంఘం పెద్ద మెల్లిగా చెయ్యెత్తి, "డిమాండ్ దొరికినట్టుంది," అన్నాడు.

దాంతో అప్పటిదాకా సమ్మె కానిది నిజంగా సమ్మె అయింది. ఫ్యాన్లూ సబ్బులూ చేతితొడుగులూ ఎక్కడివక్కడ వదిలేసి, అన్ని సెక్షన్లూ ఒక్క గొంతుతో అరిచాయి. "ప్యాకింగ్‌లో బల్లలు వెయ్యాలి! చక్రాల బండ్లు కొనాలి!" ఆ కేకకి గేటు అదిరింది. ఏ సెక్షనుకి ఆ సెక్షను గిరిగీసుకుని కూర్చునే మనుషులు, తమవి కాని నడుముల కోసం అలా అరవడం విన్నవాళ్ళకి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సంఘమంటే ఇదీ అనిపించింది. ఇన్నాళ్ళూ ఇలా ఎందుకు లేదనీ అనిపించింది.

ఆ సమ్మె ఎంతోసేపు సాగలేదు. "ఇస్తాను!" అని మేనేజరు కెవ్వుమన్నాడు. "నడుమెత్తు బల్లలిస్తాను, చక్రాల బండ్లిస్తాను! ఆ పెట్టె ఎత్తినవాడెవడూ కాదనలేడు. ముందు నన్నెవరైనా నిటారు చెయ్యండి!"

"పాయింటాఫార్డర్! ప్రెసిడెంటు లేచేదాకా సమ్మె ఆగినట్టు కాదు. సభ్యులెవరూ ఆయన మీద చెయ్యి వేయకూడదు."

"మేం సభ్యులమా?" అని అడిగింది ప్యాకింగ్ అక్క.

"కాదు."

"అయితే అడ్డం లే."

ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒకరు భుజం కింద, ఒకరు మోచెయ్యి కింద, అక్క నడుం వెనక. పెట్టెల్ని ఎత్తి ఎత్తి రాటుదేలిన చేతులవి. "ఊపిరి బిగబట్టు అన్నా," అంది అక్క. ప్రెసిడెంటు వెర్రికేక పెట్టాడు. ఆ కేక పూర్తయ్యేసరికి నిలబడి ఉన్నాడు. వంకరగానే ఉన్నాడు, కానీ నిలబడ్డాడు. సైరన్ మోగింది. సమ్మె ముగిసిందని నర్సమ్మ చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

ఆ సాయంత్రం ఆ ఫ్యాక్టరీలో జరిగింది చూసి తీరాలి. ఇది నా సెక్షను పని కాదన్నవాడు ఒక్కడు లేడు. షెడ్డు నుంచి లారీ దాకా వరుసగా నిలబడి, ఎవరూ వంగకుండా, పెట్టెల్ని చేతుల మీదుగా అందించుకున్నారు. పోత వాళ్ళూ, పాలిష్ వాళ్ళూ, వాచ్‌మనూ, చివర్లో డ్రైవరూ. పాయింటాఫార్డర్ కూడా రెండు పెట్టెలు అందుకున్నాక మారు మాట్లాడలేదు. పొద్దు ఇంకా ఉండగానే లారీ హారన్ కొట్టుకుంటూ గేటు దాటింది. ప్యాకింగ్ అక్క దాని వెనకే గేటు దాకా వెళ్ళి, అది మలుపు తిరిగేదాకా చూసి, అక్కడే నిలబడి కళ్ళు ఒత్తుకుంది. తాను ఇక టెంపరరీ కాదు.

మీ ఆయనా మీ తమ్ముడూ ఎదురెదురుగా సమ్మెకి కూర్చున్నారని ఎవరో చెబితే, ప్రెసిడెంటు భార్య ఆదరాబాదరా వచ్చింది. ఇద్దర్నీ చూసి, ఏమీ అడగకుండా ఒకే తోపుడుబండి మీద ఎక్కించింది.

"ఒకే పక్షమంటే ఇదా?" అంది దారిలో.

ఆదివారం పొద్దున బావా బావమరుదులిద్దరూ హాల్లో రెండు పరుపుల మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఆవిడ వేడినీళ్ళ గుడ్డతో ఇద్దరి నడుములకీ కాపడం పెడుతోంది. ఆడవాళ్ళ పర్మనెంట్ కాగితాలు వచ్చేశాయి. కమిటీలో ప్యాకింగ్ అక్క చేరింది. అప్పుడు మేనేజరు ఫోను మోగింది. విన్నాడు. చాలాసేపు విన్నాడు. "అలాగే సార్" తప్ప ఒక్క మాట అనకుండా పెట్టేశాడు.

"ఏమంటాడ్రా యజమాని?"

"బల్లలూ బండ్లూ ఎవరినడిగి ఒప్పుకున్నావంటాడు. రేపు వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో." మొహం దిండులో పెట్టుకున్నాడు. "బావా, నీ నడుం పడితే ఫ్యాక్టరీ మొత్తం ఆగింది. డ్రైవరు ఆగాడు, నర్సమ్మ ఆగింది. నా నడుం పడితే ఎవరాగారు? నాకెవరున్నారు చెప్పు?"

ప్రెసిడెంటుకి గుండె కలుక్కుమంది. బోర్లా పడుకునే చెయ్యి చాచి బావమరిది భుజం తట్టాడు.

"మీ సంఘంలో," అన్నాడు మేనేజరు దిండులోంచే, "మేనేజర్లని చేర్చుకుంటారా?"

"ఎందుకు చేర్చుకోం? రేపే కమిటీలో పెడతాను. నీ సంగతి తేలేదాకా నిద్రపోను!"

మేనేజరు ఉద్యోగం ప్యాకింగ్ అక్క చలవ వల్ల నిలబడింది. ఆ మర్నాడు ప్యాకింగ్ ఆడవాళ్ళంతా సంజాయిషీ గది బయట వరుసగా నిలబడి, లోపలున్న యజమానికి కిటికీలోంచి ఒక్క పెట్టె చూపించి, "ఒక్కసారి ఎత్తి చూడండి సార్," అన్నారట. ఆయన ఎత్తలేదు, ఇక ఏమీ అనలేదు కూడా.

మేనేజరు సభ్యత్వం విషయం కమిటీ ఇంకా పరిశీలిస్తోంది.